మంచు ఆరినంక

చలికాలం మూడు నెలలూ మా అత్తమ్మ లేవగానే మొదట చేసే పని ఒకటే. చీకటి ఉండగానే తలుపు తీసి, కల్లం దాకా నడిచి, వడ్ల కుప్ప మీద కప్పిన ప్లాస్టిక్ పరదాను అరచేత్తో ఒకసారి రాస్తుంది. చెయ్యి ఎంత తడిసిందో చూసుకుని, కొంగుకు తుడుచుకుంటూ వెనక్కి వస్తుంది. ఆ రోజు ఏ పని ఎన్ని గంటలకు మొదలుపెట్టాలో ఆ తడి చెప్పేస్తుంది. పొయ్యి దగ్గర కూర్చుంటూ "ఇయ్యాల తొమ్మిదిన్నర దాంక పరదా తియ్యొద్దు" అంటే ఇక తీయకూడదు.

హైదరాబాద్‌లో 19 ఏళ్లు బతికి వచ్చిన మాకు ఆ అరచేతి లెక్క అర్థం కావడానికి రెండు చలికాలాలు పట్టింది. వనస్థలిపురంలో చలికాలం అంటే ఫ్యాన్ ఆపేయడం, గీజర్ ఇంకో పది నిమిషాలు వేసుకోవడం, పాపకు స్వెట్టర్ తీయడం. అంతకుమించి మా పనుల్లో మార్పేమీ ఉండేది కాదు. ఆఫీసు టైమింగ్స్ మారవు, బస్సు మారదు.

2021లో మామయ్య పోయారు. అత్తమ్మను సిటీకి రమ్మని ఎంత బతిమాలినా "బర్రెలను ఎవరు చూస్తరు" అనేది. చివరికి మేమే కదిలాం. మా ఆయన ఉద్యోగం మానేసి, నలుగురైదుగురు వ్యాపారుల జీఎస్టీ లెక్కలు ఇంటి నుంచే చూసుకునేలా మాట్లాడుకున్నారు. పాపను ఇంటర్ హాస్టల్లో వేసి 2022 జూన్‌లో ఊరికి వచ్చేశాం. మా ఊరు కల్వకుర్తి నుంచి నాగర్‌కర్నూల్ పోయే దారిలో కొంచెం లోపలికి ఉంటుంది. పాత పాలమూరు జిల్లానే. కొల్లాపూర్ దగ్గర నుంచి కృష్ణా నీళ్లను ఎత్తిపోసే కల్వకుర్తి పథకం కాలువలు వచ్చాక మా వైపు వరి బాగా పెరిగింది. మాకు ఒకటిన్నర ఎకరం వరి మడి, వాన మీద ఆధారపడే మెట్ట భూమి, అంటే చెలక, రెండెకరాలు, రెండు బర్రెలు, ఒక దుడ్డె. చెలకలో పత్తి వేసి మధ్య మధ్యలో కంది సాళ్లు వేస్తాం.

మొదటి దెబ్బ పొయ్యి దగ్గర తగిలింది. ఇంట్లో గ్యాస్ ఉంది కానీ స్నానాల నీళ్లు, బర్రెల దాణా ఉడకబెట్టడం అంతా పెరట్లో కట్టెల పొయ్యి మీదే. నవంబర్ నడిమధ్యలో ఒక పొద్దున నేను ఎంత ఊదినా పొయ్యి అంటుకోలేదు. కళ్లు మంటలు, ఇల్లంతా పొగ. కట్టెలు ఎండినవే, చేత్తో విరిస్తే పటుక్కున విరుగుతున్నాయి. కానీ రాత్రంతా ఆరుబయట ఉండటంతో పైతోలు మొత్తం చెమ్మ పట్టి ఉంది. అప్పటి నుంచి పొద్దు గుంకకముందే మర్నాటికి కావాల్సిన కంది కట్టె, నాలుగు పిడకలు వసారాలోకి చేర్చడం నా పని. కంది కట్టె భగ్గున మండి తొందరగా అయిపోతుంది, పిడక మెల్లగా రాజుకుని నిలబడుతుంది. రెండూ కలిపి పెడితేనే కాగు కాగుతుంది.

వడ్ల దగ్గర జరిగింది మాత్రం మనసులో నుంచి పోలేదు. ఆ ఏడాది మడిలో తెలంగాణ సోనా వేశాం. రాజేంద్రనగర్‌లో తయారైన ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం అది, సన్న గింజ. కోత మిషన్‌తో కోయిస్తే గంటన్నరలో పని అయిపోయింది. సుమారు 35 క్వింటాళ్ల పచ్చి వడ్లు ట్రాక్టర్‌లో కల్లానికి వచ్చాయి. కోత మిషన్ కోసిన గింజలో తడి ఎక్కువ ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాటితే తీసుకోరు. మావి మొదటి రోజు తేమ మిషన్‌లో 22 చూపించాయి. నాలుగు రోజులు ఎండబెడితే సరిపోతుందని అందరూ అన్నారు.

మూడో రోజు సాయంత్రానికి 18కి వచ్చింది. ఇంకొక్క రోజు అనుకున్నాం. ఆ సాయంత్రం అత్తమ్మ బంధువుల ఇంట్లో కర్మకు వెళ్లింది, రాత్రి అక్కడే ఉండిపోయింది. మేమిద్దరమే ఉన్నాం. ఆకాశంలో చిన్న మబ్బు తునక లేదు, చుక్కలు తళతళ మెరుస్తున్నాయి. వాన వచ్చే సూచనే లేదు కదా, పొద్దున మళ్లీ కుప్ప విప్పి పరిచే శ్రమ ఎందుకని వడ్లను పరిచినట్టే వదిలేసి పడుకున్నాం.

పొద్దున వెళ్లి చూస్తే కల్లం మొత్తం తెల్లగా మెరుస్తోంది. వడ్ల మీద చెయ్యి పెడితే వేళ్ల సందుల్లో నీళ్లు. నాకు గుండె ఆగినంత పనైంది. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎండనిచ్చి కొలిపించినా తేమ 20 దాటే ఉంది. అత్తమ్మ వచ్చి చూసి ఒక్క మాట కూడా కసురుకోలేదు. కల్లం అంచున కూర్చుని గుప్పెడు వడ్లు తీసి వాసన చూసి, "మబ్బుంటె మంచు పడదు బిడ్డా, మబ్బు లేకుంటెనే మంచు" అంది.

ఆ ఒక్క మాటలో ఉన్న సంగతి నేను తర్వాత నెమ్మదిగా అర్థం చేసుకున్నాను. మబ్బు ఉన్న రాత్రి నేల వేడి పైకి పోకుండా దుప్పటి కప్పినట్టు ఉంటుంది. ఆకాశం శుభ్రంగా ఉండి గాలి కదలకపోతే ఆ వేడంతా పైకి పోయి నేల, గడ్డి, గింజ అన్నీ బాగా చల్లబడతాయి. గాలిలో ఉన్న చెమ్మ వాటి మీదే నీటి బొట్టవుతుంది. సిటీలో చుక్కలు కనిపించిన రాత్రి మాకు అందమైన రాత్రి. కల్లం మీద వడ్లు ఉన్నప్పుడు అదే అన్నిటికన్నా భయపడాల్సిన రాత్రి.

కప్పడంలో కూడా తప్పు చేశాం. మరుసటి సాయంత్రం ఎండ వేడి ఇంకా గింజలో ఉండగానే కుప్ప చేసి ప్లాస్టిక్ పరదా గట్టిగా కప్పేశాం. పొద్దున పరదా లోపలి వైపు చెమట పట్టినట్టు నీటి బొట్లు, పై పొర వడ్లన్నీ తడి. బయట మంచు నుంచి కాపాడబోయి లోపల మేమే తడిపాం. అప్పుడు అత్తమ్మ కుప్ప చేయడం దగ్గర నుంచి నేర్పింది. నాలుగింటికి వడ్లు దగ్గరకు లాగాలి. అరగంట వదిలేస్తే వేడి దిగుతుంది. బర్రె వీపులాగా పొడవుగా, రెండు వైపులా జారుగా కుప్ప చేయాలి. దాని మీద పలచగా వరిగడ్డి పరిచి, ఆ గడ్డి మీద పరదా వేసి, అంచుల మీద రాళ్లు పెట్టాలి. లోపల చెమట పట్టినా గడ్డి పీల్చుకుంటుంది.

పొద్దున తీయడం ఇంకా జాగ్రత్తగా చేయాలి. పరదా పైన నిలిచిన మంచు నీళ్లు తక్కువేమీ కాదు. ఒక మూల పట్టుకుని లాగితే అవన్నీ వడ్లలోకి పోతాయి. ఇద్దరు చెరో పక్క నిలబడి, పరదా మధ్యలో గుంత పడేలా ఎత్తి, నీళ్లు ఆ గుంతలోనే ఉండేలా నడిచి, కల్లం బయటికి తీసుకెళ్లి దులపాలి. మొదటిసారి అలా దులిపినప్పుడు నీళ్లు నా కాళ్ల మీద పడ్డాయి. ఒళ్లు జలదరించింది.

తొమ్మిది, తొమ్మిదిన్నరకు నేల ఆరాక వడ్లు పరిస్తే సాయంత్రం నాలుగింటికి మళ్లీ కుప్ప. "పుష్యమాసంలో పూసలు గుచ్చ పొద్దుండదు" అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. చేతికొచ్చేది గట్టిగా ఏడు గంటలు. ఆ ఏడు గంటల్లో అరగంటకోసారి వడ్లలో కాళ్లతో చాళ్లు తీస్తూ నడవాలి, కింద గింజ పైకి రావాలి. నాకు ఆ పని ఇష్టం. ఉత్త కాళ్లతో నడుస్తుంటే పైన గింజ వెచ్చగా, కింద గింజ చల్లగా తగులుతుంది. రోజు రోజుకూ ఆ తేడా తగ్గుతుంది. రెండూ ఒకేలా తగిలిన రోజు అత్తమ్మ ఒక గింజ పంటికింద వేసుకుంటుంది. టక్‌మని విరిగితే అయినట్టు. మొదటి ఏడాది నాలుగు రోజుల పని తొమ్మిది రోజులైంది. చివరికి 16.4 వచ్చింది. 40 కిలోల బస్తాల్లో కాంటా అయిపోయిన రోజు మా ఆయన బస్తాల మీదే కూర్చుని చాలాసేపు లేవలేదు.

రోడ్డు మీద పోస్తే తొందరగా ఆరుతాయని కొందరు అన్నారు. తారు వేడికి ఆరే మాట నిజమే. కానీ రాత్రి పూట వడ్ల కుప్పలు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు కనపడక బండ్ల మీద వచ్చేవాళ్లు పడిపోవడం కళ్లారా చూశాం. ఎంత ఆలస్యమైనా సరే, మా వడ్లు రోడ్డెక్కనివ్వం. ఉపాధి హామీలో కొందరికి సిమెంటు కల్లాలు వచ్చాయి. మాది మట్టి కల్లమే, పేడతో అలికి వాడుతున్నాం.

2024 వానాకాలం పంట నుంచి సన్న వడ్లకు మద్దతు ధర మీద క్వింటాలుకు 500 రూపాయల బోనస్ వచ్చింది. ఆ ఏడాది మావి ఐదో రోజుకే 17 లోపలికి దిగాయి. ఎండ పెరగలేదు, కల్లమూ మారలేదు. పొద్దున పరదా తీసేటప్పుడు ఒక్క చుక్క లోపల పడనివ్వలేదు, అంతే.

వడ్లు పోయాక విశ్రాంతి అనుకుంటే యాసంగి, అంటే చలికాలపు పంట, నారు మొదలవుతుంది. వానాకాలంలో విత్తనం నానబెట్టి గోనె సంచుల్లో మూటగా మండె కడితే ఒక రోజులో మొలక వస్తుంది. డిసెంబర్‌లో అది కదలదు. గోనె సంచుల మండెను గడ్డిలో పెట్టి, పైన ఇంకో రెండు సంచులు కప్పి, గోరువెచ్చటి నీళ్లు చల్లుతూ రెండు రోజులు కాచుకుంటే గానీ గింజకు తెల్లటి ముక్కు కనపడదు. అత్తమ్మ అర్ధరాత్రి లేచి సంచిలోకి చెయ్యి పెట్టి వెచ్చదనం చూసేది. జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టే ఉంటుంది ఆ చూడటం.

2023 డిసెంబర్‌లో మా నారు పది రోజులకే ఎదుగుదల ఆగిపోయింది. ఆకు కొసలు ఎర్రబడ్డాయి. మా ఆయనకు టెన్షన్ పట్టుకుని యూరియా తెస్తానన్నారు. వ్యవసాయ విస్తరణాధికారిని అడిగితే ముందు చలి సంగతి చూడమన్నారు. రాత్రి పూట నారుమడి మీద కర్రలు పాతి పాలిథిన్ కప్పి పొద్దున తీసేయాలి. రాత్రంతా నిలిచి చల్లబడిన నీళ్లు పొద్దున తీసేసి, బోరు వేసి కొత్త నీళ్లు పెట్టాలి. లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి పిచికారీ చేయాలి. ఇందులో బోరు నీళ్ల సంగతి నేను అప్పటిదాకా గమనించనే లేదు. చలికాలం పొద్దున మడిలో నీళ్లలో వేలు పెడితే జివ్వుమంటుంది. అదే బోరు పైపు దగ్గర చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది, పైన సన్నగా ఆవిరి లేస్తుంది. భూమి లోపలి వెచ్చదనం అది. ఆరున్నరకు మోటారు వేసి ఆ వెచ్చటి నీళ్లు నారు మొదళ్లలోకి పారుతుంటే చూడటం నాకు ఎంత తృప్తో చెప్పలేను. రెండు వారాలకు నారు తిప్పుకుంది. నాటు మాత్రం ఆలస్యమైంది.

బర్రెల పని వానాకాలం కన్నా చలికాలమే బరువు. కొట్టంలో కింద తడి లేకుండా ఎండు గడ్డి మార్చాలి, గాలి వచ్చే వైపు గోనె పట్టాలు కట్టాలి, దుడ్డెకు వీపు మీద సంచి కప్పి కడుపు కింద తాడు వేయాలి. పాలు పిండే ముందు పొదుగును గోరువెచ్చటి నీళ్లతో కడగకపోతే బర్రె చేపదు. మేము కోసుకొచ్చిన పచ్చిగడ్డిని కూడా అత్తమ్మ వెంటనే వేయనివ్వదు. మంచు తడి ఆరేదాకా వసారాలో పరిచి ఉంచాలి. తడిది తింటే కడుపు ఉబ్బుతుందని ఆమె భయం. గొర్రెలు కాసే మా వాడ మామ కూడా అంతే. గొర్రెలు దొడ్లో ఎంత అరిచినా, గడ్డి మీద మంచు పోయేదాకా తడిక తీయడు. తడి గడ్డిని పట్టుకుని ఉన్న పురుగులు గొర్రె కడుపులోకి పోతాయని ఆయన చిన్నప్పుడే నేర్చుకున్నాడు. పశువుల డాక్టర్లు చెప్పేదీ అదే.

ఆ మామ దగ్గరే నేను గొంగడి కొనుక్కున్నాను. నల్ల గొర్రె ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టిన గొంగడి అది. కొత్తలో అట్టలాగా బిర్రుగా ఉండి మెడకు గుచ్చుకుంది. ఏడాదికి మెత్తబడింది. తెల్లవారుజామున అది కప్పుకుని పొలానికి పోయి వస్తే మంచు బొట్లు ఉన్ని కొసల మీదే ముత్యాల్లా నిలబడి ఉంటాయి, లోపలికి దిగవు. గుమ్మం దగ్గర రెండుసార్లు దులిపితే రాలిపోతాయి. సిటీ నుంచి తెచ్చుకున్న స్వెట్టర్ అయితే ముద్దయ్యేది. రాత్రి పాలకు తోడు వేశాక గిన్నెను అదే గొంగడిలో చుట్టి బియ్యం డ్రమ్ములో పెడతాను. లేకపోతే పొద్దున్నకు పెరుగు తోడుకోదు.

పత్తి గురించి ఎక్కువ చెప్పను. ఎందుకంటే ఏరే పనిలో నేను ఇంకా నెమ్మదే, కూలికి వచ్చే అక్కలు రెండు సాళ్లు ముగించేసరికి నాది ఒక సాలు సగంలోనే ఉంటుంది. ఎండిన కాయ రెక్కలు గోళ్ల పక్కన గీరుకుంటాయి, రాత్రి ఉప్పు తగిలితే ప్రాణం పోతుంది. పత్తిలో 8 శాతం తేమ ఉంటే పూర్తి ధర, 12 దాటితే పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ తీసుకోదు. అందుకే మంచు ఆరాకే ఒడి కట్టుకుని దిగుతాం. మంచు తడితో ఏరితే తూకం వస్తుంది కదా అని ఎవరో మా ఆయనతో అన్నారు. అలా ఏరిన పత్తి కుప్పలో వేడెక్కి రంగు మారుతుంది. అంత కష్టపడి ఏరిన అక్కల పనిని అలా పాడుచేయడం మాకు ఇష్టం లేదు.

ఇలా వడ్లకు, పత్తికి, కట్టెలకు, గడ్డికి అన్నిటికీ మంచు శత్రువేనని నాకు స్థిరపడిపోయింది. కంది కోత దాకా వస్తే అత్తమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకు లేపింది. "మంచు ఉండంగనె కొయ్యాలె, లే" అంది. నేను నిద్రమత్తులో తప్పు విన్నానేమో అనుకున్నాను.

ఎండిన కందికాయ స్వభావం అలాంటిది. ఎండ తగిలిన కాయను ముట్టుకుంటే చాలు, రెండు పలకలుగా విచ్చుకుని గింజలు నేలపాలు. మంచులో తడిసిన కాయ మెత్తబడి మూసుకుని ఉంటుంది. కొడవలి వేసినా, మోసినా రాలదు. అందుకని చీకట్లో మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ఆపేయాలి. కోసిన కట్టెను నాలుగైదు రోజులు ఎండనిచ్చి, ఆ తర్వాత మిట్టమధ్యాహ్నం కర్రలతో కొట్టాలి. అప్పుడు మంచు అసలు ఉండకూడదు. పొరుగు చేలో వాళ్లు పాలెం పరిశోధన స్థానం వాళ్ల ఉజ్వల రకం వేసుకుంటారు. అది నాలుగున్నర నెలల్లోనే చేతికొస్తుంది కాబట్టి వాళ్ల కోత ఎప్పుడో అయిపోతుంది. మాది సంక్రాంతి దాకా లాగే పాత రకం.

ఈ జనవరిలో పాప కూడా సెలవులకు వచ్చింది. నలుగురం హెడ్‌లైట్లు తలకు కట్టుకుని చెలకలో దిగాం. కొమ్మ ముట్టుకోగానే మంచంతా చేతుల మీద, మొహం మీద జల్లులా పడుతోంది. పది నిమిషాలకే మోచేతుల దాకా తడిశాం, వేళ్లు కొంకర్లు పోయాయి. మాటల్లేవు, కొడవలి చప్పుడొక్కటే. పొద్దెక్కేసరికి చెలకలో సగం పైన నేల మీద వరుసగా పరుచుకుంది. అప్పుడు పాప ఒక కాయ తెంపి నాకు చూపించింది. దాని ఒక పక్క తడిగా, నల్లగా ఉంది. ఎండ తగిలిన పక్క అప్పటికే ఆరి గోధుమ రంగుకు తిరిగింది. చూస్తుండగానే ఆ పక్క సన్నగా పగులు విచ్చింది. ఎక్కడో వెనకాల సాళ్లలో నుంచి టప్, టప్ మని మొదటి కాయలు పగులుతున్న చప్పుడు వినపడింది. అత్తమ్మ నడుం ఎత్తి ఆ చప్పుడు విని కొడవలిని బొడ్లో దోపుకుంది.

ఇంకా నాలుగు సాళ్లే మిగిలాయి. గంటలో అయిపోతాయి, పూర్తి చేసేద్దామని మా ఆయన అన్నారు. "వద్దు" అంది అత్తమ్మ. మర్నాడు పొద్దున ఆమె కంటే ముందు నేను లేచి కల్లానికి పోయి పరదా మీద చెయ్యి రాశాను. పొడిగా ఉంది. పైన మబ్బులు కమ్ముకున్నాయి. మూడో రోజు కూడా మబ్బే. నాలుగో రోజు తెల్లవారుజామున చెయ్యి తడిసింది. వెళ్లి అత్తమ్మను లేపాను.